తూకానికి అమ్మిన బండి

మరిది టార్పాలిన్ కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. దాని మీద బరువుకు పెట్టిన పాత టైరు దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది.

"నువ్వు చూస్తుండగానే తీస్తున్నాను వదినా. రేపు నేనేదో చాటుగా చేశానని అనకూడదు."

టీచరమ్మ షెడ్డు గుమ్మంలోనే నిలబడింది. ఆదివారం ఉదయం, ఎనిమిది దాటింది. ఆమె చేతిలో నూనె డబ్బా ఉంది. అది ఎందుకని మరిది అడగలేదు.

ఇనుప స్టాండు మీద ఇంజను. దుమ్ము లేదు, తుప్పు లేదు. ఆమె భర్త, కార్లు బాగుచేసే మేస్త్రీ, పోయి అయిదు నెలలైంది. దాన్ని చూస్తే మాత్రం ఆయన ఇప్పుడే చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడనిపిస్తుంది.

ఆదివారం ఆదివారం ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో మూతెడు నూనె పోసి, పెద్ద స్పానరుతో పుల్లీని రెండు చుట్లు తిప్పడం ఆయన అలవాటు. తిప్పకుండా వదిలేస్తే లోపల పిస్టన్లు పట్టేస్తాయి. ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారం ఇంటినిండా మనుషులున్నారు. ఆమె ఎవరికీ చెప్పకుండా షెడ్డులోకి వచ్చి ఆ పని చేసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. అప్పటి నుంచి మానలేదు.

మరిది మోకాళ్ళ మీద కూర్చుని ఇంజను పక్కభాగాన్ని కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. ఫొటో స్టూడియో నడిపే మనిషి. ఎప్పుడూ చొక్కా నలగనివ్వడు. ఇవాళ మోచేతుల దాకా మసి.

"అద్దాలు తెచ్చుకోలేదు. నువ్వు చదువు."

"నేనెందుకు?"

"నువ్వు చదివితే నేను నమ్ముతాను కాబట్టి."

ఆమె వంగింది. ఇనుము మీద గుద్దిన అంకెలు. క్లాసులో ఎక్కాలు చెప్పించే గొంతుతోనే చదివింది.

"నాలుగు. సున్న. ఏడు. ఏడు. ఒకటి. తొమ్మిది. మూడు."

మరిది జేబులోంచి మడత కాగితం తీశాడు. దాన్ని కళ్ళకు దూరంగా చాపి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం ఆమెకిచ్చాడు. అవే అంకెలు, అదే వరసలో.

ఆ కాగితం రాసింది పాత బండ్ల షోరూము మనిషి. ఇంట్లో అందరూ అతన్ని టార్చి ఆయన అంటున్నారు. బుధవారం మరిది ఇంటికి వచ్చి, అతని ఆకుపచ్చ కారు కిందకి దూరి, టార్చి వేసి చూసి, బండి పుస్తకంలో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండిలో ఉన్న ఇంజను నంబరు ఇంకొకటి అని తేల్చాడు. సొంత ఇంజనుతో ఉంటే ఒక ధర. పరాయి ఇంజనుతో ఉంటే అందులో పావు.

పన్నెండేళ్ళ కిందట ఆ కారును మేస్త్రీ తమ్ముడికి ఇనుము తూకానికి అమ్మాడు. చెయ్యి విరిగి ఆరు నెలలు మూసేసిన షెడ్డును అప్పుడే మళ్ళీ తెరిచిన రోజులవి. అప్పట్లో ఆ రకం బండ్లు ఖాళీ జాగాల్లో పడి ఉండేవి. కొందరు వాటిలో కోళ్ళను పెంచేవాళ్ళు. ఒకప్పుడు వాటిని వదిలించుకున్నవాళ్ళే ఇప్పుడు ఎక్కడున్నాయోనని వెతుక్కుంటూ తిరుగుతున్నారు. ధర కొండెక్కి కూర్చుంది. స్టూడియో ఉన్న గదిని ఇంటి యజమాని అమ్మకానికి పెట్టాడు. ఆ బండికి పూర్తి ధర పలికితే మరిది ఆ గది కొనుక్కోగలడు. పావు ధర పలికితే నెలాఖరుకు కెమెరాలు సర్దుకుని బయటకు నడవాలి.

"నా బండి ఇంజను నీ షెడ్డులో ఉంది వదినా," అన్నాడు మరిది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు.

"లోపలికి రా. చేతులు కడుక్కో."

"మా అన్న నన్ను మోసం చేశాడని నా నోటితో అనిపించకు."

"అనకు చిన్నాన్నా," అంది వెనక నుంచి ఆమె కూతురు. తల తుడుచుకుంటున్న తువ్వాలు భుజం మీద వేసుకుని షెడ్డులోకి వచ్చింది. "అంటే మళ్ళీ నువ్వే మింగాల్సొస్తుంది. నాన్న నీకు కాఫీ ఖర్చుకి కారిచ్చాడు. ఆ మాట కూడా గుర్తుంచుకో."

"తూకం వేసి ఎంతయితే అంత ఇచ్చాను పాపా. తక్కువివ్వలేదు."

"అవును. కాటా మీద నువ్వు కూడా ఒక కాలేశావట. నాన్న చెప్పి నవ్వేవాడు, తమ్ముడి బరువుకి కూడా డబ్బులొచ్చాయని."

మరిది నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ముందుగదిలో తోడికోడలు అప్పటికే వచ్చి కూర్చుంది. కుర్చీ ఉన్నా, గోడకు ఆనించిన బల్ల అంచునే కూర్చుంది. ఈ ఇంట్లో ఆమె ఎప్పుడూ అలా పరాయిదానిలా కూర్చోలేదు. భర్త చేతుల మసి వైపు చూసింది.

"కలిసింది," అన్నాడతను.

"అంకెలన్నీ?"

"అన్నీ."

ఆమె తలూపింది. అంతే.

టీచరమ్మ టీ పెట్టడానికి వెళ్ళింది. వంటింట్లోంచి ముందుగది మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. కూతురు మాట్లాడుతోంది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే పిల్ల. ఏది మాట్లాడినా రిపోర్టు చదివినట్టు ఒక్కొక్కటీ తేల్చి చెబుతుంది.

"చిన్నాన్నా, ఒకటి అడుగుతాను. నువ్వు బండిని ఎప్పుడైనా బయటి షెడ్డులో వదిలావా?"

"అన్నయ్య ఉండగా బయటెందుకు వదులుతాను?"

"వదిలావు. పిన్ని వాళ్ళమ్మ పోయినప్పుడు బండి దారిలో ఆగిపోయిందిగా. తర్వాత నువ్వు నాన్న మీద కోపంతో దాన్ని బైపాసు దగ్గర వేరే షెడ్డులో పడేశావు. రెండు నెలలుంది. నాకు బాగా గుర్తు. స్కూలుకెళ్తూ రోజూ చూసేదాన్ని."

మరిది ఆలోచించాడు. "కోపం కాదు. మొహం చూడలేక."

"సరే, ఏదైతేనేం. ఆ రెండు నెలల్లో వాళ్ళు మంచి ఇంజను తీసి అమ్ముకుని, చెత్త ఇంజను పెట్టి ఇచ్చుంటారు. నీకు తెలుస్తుందా? బానెట్టు ఎటువైపు తెరుచుకుంటుందో కూడా నీకు తెలీదు."

"అది నిజమే."

"నాన్న తుక్కు బజారుకి వారం వారం వెళ్ళేవాడు. అక్కడ ఇంజను కనిపించుంటుంది. తన చేత్తో చేసిన ఇంజను తనకి తెలీదా? కొని తెచ్చుకున్నాడు. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. ఇందులో మోసం ఎక్కడుంది?"

వంటింట్లో టీచరమ్మ చేతిలో గరిటె ఆగింది. పిల్ల ఈ కథ ఎప్పుడు అల్లిందో ఆమెకు తెలుసు. టార్చి ఆయన వచ్చిన బుధవారం సాయంత్రం, కూతురు మొదట అడిగిన మాట, "సొంత ఇంజనుతో అయితే ఎంతట?" రెండో మాట, "నాన్న అలా చేసుంటాడంటావా?" రెండింటికీ ఆమె జవాబు చెప్పలేదు. పిల్ల తనే వెతుక్కుంది.

నాలుగు కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది. మరిది ముఖం చూసింది. బుధవారం నుంచి బిగుసుకున్న ముఖం ఇప్పుడు కొంచెం సడలింది.

"బైపాసు షెడ్డువాడు," అన్నాడు. "వాడి చూపే అంత. నేను అప్పుడే అనుకున్నాను."

"ఎప్పుడనుకున్నారు?" అంది భార్య.

"ఏదో ఒకప్పుడు అనుకున్నానే. వదినా, అన్నయ్య అలాంటివాడేగా. చెప్పకుండా కొని దాచిపెట్టేరకమేగా." కప్పు అందుకున్నాడు. "అయితే ఇంజను మీదే. కొనుక్కున్నారు కాబట్టి మీదే. బండి నాది. రెండూ కలిపి అమ్మితే చెరి సగం. నేను ధర్మంగానే చెబుతున్నాను. గది మొత్తం కొనలేకపోయినా, మిగతా సగానికి గడువివ్వమని యజమాని కాళ్ళో గడ్డమో పట్టుకుంటాను."

"చెరి సగం," అంది కూతురు. "సరే."

ఆ మాట ఎంత తొందరగా అందో తల్లి గమనించింది.

ముగ్గురు టీ తాగారు. ఆ ఇంట్లో ఆ అయిదు నెలల్లో అంత తేలిగ్గా ఊపిరి పీల్చిన నిమిషం ఇంకోటి లేదు. మేస్త్రీ మంచివాడుగా మిగిలాడు. తమ్ముడు మంచివాడుగా మిగిలాడు. దొంగ ఎక్కడో బైపాసు దగ్గర ఉన్నాడు. అతనితో వీళ్ళకి పని లేదు.

తోడికోడలు కప్పు ముట్టుకోలేదు.

"అక్కా," అంది. "నాకు డబ్బు లెక్క వద్దు. ఇంజను ఎప్పుడు మారిందో కావాలి. మా అమ్మ పోకముందా? పోయాకా?"

"పోయాకే పిన్నీ. చెప్పానుగా, షెడ్డులో వదిలినప్పుడని."

"నిన్నడగలేదమ్మా. మీ అమ్మనడుగుతున్నాను."

తొమ్మిదేళ్ళ కిందటి మాట. తోడికోడలి తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని కబురొస్తే భార్యాభర్తలిద్దరూ ఆ ఆకుపచ్చ కారులో బయల్దేరారు. సగం దారిలో ఇంజను ఉడికిపోయి బండి ఆగింది. చుట్టుపక్కల ఇల్లు లేదు, చెట్టు లేదు. మూడు గంటలు రోడ్డు మీద నిలబడ్డారు. మేస్త్రీ పనిముట్ల సంచీతో స్కూటరు మీద వెళ్ళాడు. బానెట్టు ఎత్తి చూసి, అందరూ వింటుండగా తమ్ముడితో అన్నాడు: "రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోలేదురా నువ్వు."

వీళ్ళు చేరేసరికి ఇంట్లో ఏడుపులు వినిపిస్తున్నాయి.

ఆ రోజు నుంచి తోడికోడలు భర్తతో ఏ గొడవ పడ్డా, అది కూరలో ఉప్పు గురించి మొదలైనా సరే, చివరికి ఆ చెంబుడు నీళ్ళ దగ్గరే ఆగుతుంది. అతను ఎదురు మాట్లాడడు. తల వంచుకుని బయటకు పోతాడు. నీళ్ళు పోశానో లేదో అతనికీ గుర్తు లేదు. అన్న చెప్పాడు కాబట్టి పోయలేదనే అనుకున్నాడు.

"నువ్వు చెబితే నమ్ముతాను," అంది తోడికోడలు. "నువ్వు అబద్ధం ఆడవు."

టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. చెయ్యవలసింది చాలా చిన్న పని. "పోయాకే" అనాలి. ఒక్క మాట. కూతురు ఆమె వైపే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. నువ్వు ఎలాగూ అంటావులే అన్న ధీమా ఉంది.

ఇంజను బండి అమ్మకముందే మారింది. తమ్ముడికి ఇస్తున్నాం, బాగా చేసిద్దామని మేస్త్రీయే దాన్ని విప్పాడు. సాన పట్టించడానికి లేత్ షాపుకి పంపిన క్రాంకు ఇరుసు వేళకి రాలేదు. పెళ్ళిళ్ళ ఫొటోలకి బండి కావాలని తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. తుక్కులోంచి అదే రకం ఇంజను ఒకటి తెచ్చి, రంగు వేసి, దాంట్లో బిగించి పంపాడు. పది రోజుల్లో మార్చేస్తానన్నాడు.

క్రాంకు వచ్చింది. పాత ఇంజను తయారైంది. స్టాండు మీదే పెట్టి నడిపాడు. ఆ సాయంత్రమంతా ముక్కాలిపీట వేసుకుని దాని చప్పుడు వింటూ కూర్చున్నాడు. అంత బాగా ఇంకే ఇంజనూ తన చేతిలో కుదరలేదన్నాడు.

"మరి మీ తమ్ముడి బండిలో పెట్టరా?" అని ఆమె అడిగింది.

"వాడి చేతిలో పెడితే ఏడాదిలో చంపేస్తాడు. వాడికి ఇంజనుకీ ఇస్త్రీపెట్టెకీ తేడా తెలీదు."

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఇప్పుడు ఆమె తోడికోడలి వైపు చూసింది.

"ఆ రోజు రేడియేటర్‌లో నీళ్ళు నిండుగానే ఉన్నాయి," అంది.

తన కప్పు పక్కకి జరిపి, మిగతాది కూడా చెప్పింది.

"ఇంజను పైనుండే హెడ్డు పగిలింది. ఆ ఇంజను ఎన్నాళ్ళో నడవదని మీ బావగారికి ముందే తెలుసు. అది మొదటి నుంచీ పరాయి ఇంజనే. మీకు బండి ఇచ్చిన రోజు నుంచీ. సొంతది ఇక్కడే ఉంది."

"అమ్మా," అంది కూతురు.

"నీళ్ళు పోయలేదని ఆయన అన్నది, అప్పుడు ఇంకేం అనాలో తోచక. ఇంటికి వచ్చి నాతో చెప్పారు."

మరిది కప్పు కింద పెట్టాడు. తొమ్మిదేళ్ళుగా మోస్తున్న నింద ఆ నిమిషంలో అతని మీద నుంచి దిగిపోయింది. అతని ముఖంలో ఆ తేలిక కోసం ఆమె చూసింది. కనిపించలేదు.

"ఎందుకు చెప్పావు వదినా?" అన్నాడు. "పాప అంత బాగా చెప్పింది. సరిపోయింది కదా. నీళ్ళు పోయనివాడిగా నాకు అలవాటైపోయింది. అన్నయ్య అలాంటివాడంటే... అది నాకు అలవాటు చెయ్యి ఇప్పుడు."

తోడికోడలు అతని మాట విన్నట్టు లేదు.

"నీకెప్పుడు తెలిసింది అక్కా?"

"ఆ రోజే."

"ఆ రోజే. మర్నాడు నువ్వు మా ఇంటికొచ్చావు. వారం రోజులు ఉండి వండిపెట్టావు. నా తల దువ్వావు."

"అవును."

"నేను ఈయనతో మాట్లాడనంటే, పోనీలే అమ్మాయ్, మగవాళ్ళ మతిమరుపు మామూలేగా అని నాకు చెప్పింది నువ్వేగా."

"నేనే."

"ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో తెలుసా? మా తోడికోడలు ఎంత మంచిదో చూడండి, మరిదిని కూడా వెనకేసుకొస్తుంది అని."

టీచరమ్మ జవాబు కోసం వెతకలేదు. ఉన్న మాటలు రెండే: అవును, నేనే. రెండూ అయిపోయాయి.

తోడికోడలు భర్త వైపు తిరిగింది. అతనితో ఏదో అనాలని నోరు తెరిచింది. తొమ్మిదేళ్ళు అన్న మాటల్లో ఏది ముందు వెనక్కి తీసుకోవాలో తెలియనట్టు, మళ్ళీ మూసుకుంది. అతను మసి చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆమె పమిట కొంగుతో ఆ చేతులు తుడవబోయింది. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

కూతురు గదిలో లేదని అప్పుడు గమనించారు.

ముందుగా టీచరమ్మకే వినిపించింది. పెరటి వైపు నుంచి సన్నని గరగర. ఆగి, మళ్ళీ గరగర. ఇరవై ఏడేళ్ళు మేస్త్రీతో కాపురం చేసిన మనిషికి ఆ చప్పుడేంటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇనుము మీద ఆకురాయి.

"ఏంటది?" అన్నాడు మరిది.

"నంబరు అరగదీస్తోంది," అంది ఆమె.

ఆ మాట అర్థం కావడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ పడేసి పరిగెత్తాడు.

షెడ్డు తలుపు లోపల గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదాడు.

"పాపా, ఆపు. ఆ అంకెలు పోతే అది ఉత్త ఇనుము. ఎవడూ కొనడు. తలుపు తియ్యి."

"ఏ అంకెలు చిన్నాన్నా?" లోపలి నుంచి గొంతు మామూలుగానే వచ్చింది. ఆయాసం మాత్రం తెలుస్తోంది. "ఇది మా నాన్న తుక్కు బజారులో కొన్న ఇంజను. కొన్నప్పుడే దీని మీద నంబరు లేదు. టార్చి ఆయన్ని రమ్మను, చూసుకోమను. మా నాన్న ఎవరి ఇంజనూ దాచలేదు."

గరగర మళ్ళీ మొదలైంది.

"సగం అన్నానుగా. ఆ మాట మీదే ఉన్నాను. మీ నాన్న గురించి బయట ఒక్క మాట అనను. ఒట్టు."

గరగర.

"పోనీ మూడొంతులు నువ్వే తీసుకో."

టీచరమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది. "తలుపు తియ్యమ్మా," అంది. క్లాసులో అయినా, ఇంట్లో అయినా, ఆ గొంతుకి ఇంతవరకు తెరుచుకోని తలుపు లేదు. ఇది తెరుచుకోలేదు.

"నువ్వు మాట్లాడకమ్మా," అంది కూతురు. "ఇవాళ్టికి నువ్వు చాలా చెప్పావు."

తోడికోడలు పెరటి మెట్ల మీదే ఆగిపోయింది. "రండి, ఇంటికి పోదాం," అంది భర్తతో. "అరగదియ్యనివ్వండి. నాకు ఆ బండి వద్దు, ఆ డబ్బుతో కొన్న గదీ వద్దు."

"నీకు వద్దు. నాకు బతుకు కావాలి," అన్నాడతను వెనక్కి తిరగకుండా. నుదురు తలుపుకి ఆనించాడు. గొంతు తగ్గించాడు. "పాపా, విను. మొత్తం నువ్వే తీసుకో. నాకు ఆ గది అద్దెకి నిలిచేలా ఏదో కొంచెం పడెయ్యి, చాలు. మొత్తం నీదే."

లోపల చప్పుడు ఆగింది.

మరిది తల ఎత్తి వదిన వైపు చూశాడు. అతని ముఖంలో బుధవారం తర్వాత మొదటిసారి ఆశ కనిపించింది. తలుపు తెరుచుకుంటుందని పక్కకి జరిగి నిలబడ్డాడు.

టీచరమ్మ గడియ వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడు అంకెలూ అరిగిపోవడానికి ఇంతసేపు చాలు. ధర నచ్చి ఆగడానికీ ఇంతసేపే చాలు. రెండింటిలో తన కూతురు చేసింది ఏదైతే తాను తట్టుకోగలదో ఆమె ఇంకా తేల్చుకోలేదు. లోపల గడియ కదిలింది.